ఊదారాతిలో నల్లమచ్చ

మాష్టారు పోయారన్న మాట నాకు రెండోసారికి గాని వినబడలేదు. ధర్సీవా రోడ్డులో నేను పనిచేసే రాళ్ళ యార్డులో పొద్దున్న మొదలైన రంపం మధ్యాహ్నం భోజనాల దాకా ఆగదు. ఫోన్లో అమ్మగారు, అంటే మాష్టారి భార్య, ఏదో అన్నారు. ఆక్సిజన్ సిలిండరు సంగతి అనుకుని, "కొత్తది పదింటికల్లా వచ్చేస్తుందండీ, బండి బయల్దేరింది" అన్నాను. ఆవిడ అదే మాట మళ్ళీ చెప్పారు. ఈసారి వినబడింది. కరెంటు ఆపమని చెయ్యి ఊపాను. రంపం సగం కోసిన బండలో ఇరుక్కుని నిలబడిపోయింది. బండ మీంచి తెల్లటి నీళ్ళు మాత్రం ఇంకా కారుతూనే ఉన్నాయి.

"ఇంక సిలిండరు వద్దని చెప్పీ అమ్మా" అన్నారు అమ్మగారు. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. సిలిండరు వాళ్ళకి ఫోను చేసి వద్దని చెప్పాను.

రాయ్‌పూర్ గుఢియారీలో మా వీధి తెలుగువాళ్ళకి ఆయన రాళ్ళ లెక్చరరు గారు. నాకు మాష్టారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బి.ఎస్సీ.లో చేరినప్పుడు భూగర్భశాస్త్రం చెప్పింది ఆయనే. పాఠం హిందీలోనే చెప్పేవారు గాని, అది విజయనగరంలో రైలెక్కి వచ్చిన హిందీ. వెనక బెంచీల వాళ్ళు వెక్కిరించేవారు. ఆయనకి తెలుసు. వెక్కిరించినవాణ్ణే లేపి ప్రశ్న అడిగి, వాడు నీళ్ళు నమిలితే తృప్తిగా కూర్చోబెట్టేవారు. పోయినవాళ్ళందరినీ రాత్రికి రాత్రి సాధువుల్ని చేసెయ్యడం నాకు చిరాకు, అందుకని ముందే చెప్తున్నాను. మాష్టారికి మొండితనం ఉండేది. ఎత్తిపొడుపు ఉండేది. ఎదుటివాళ్ళ మాట సగంలో తుంచేసే అలవాటు ఉండేది. ఈ మూడో దాని గురించి ఈ రెండు వారాల్లో నేను చాలా ఆలోచించాను.

మా నాన్న పలాస నుంచి వచ్చిన రైల్వే ఫిట్టరు. ఆయన నాన్న రైల్వే గార్డు. ఆ చుట్టరికం చాలనుకున్నారో ఏమో, క్లాసులో నన్ను "ఆప్" అని మన్నించే మనిషి వరండాలో కనబడగానే "ఏటమ్మా, తిన్నావా?" అనేవారు. ఎవరినైనా రైలెక్కించడానికి స్టేషనుకి వెళితే ప్లాట్‌ఫారం రాళ్ళు చూస్తూ నిలబడిపోయేవారు. ఒకసారి అమ్మగారు విశాఖ రైలెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే ఈయన మోకాళ్ళ మీద వంగి ఏదో గీరుతున్నారట. రైలు కదిలాక లేచి, ఎదురుగా ఎవరూ లేకపోయినా, జాగ్రత్త అన్నారట. ఆవిడ ఈ సంగతి ముప్పై ఏళ్ళుగా చెప్పి నవ్వుతూనే ఉన్నారు.

ఉల్కల పాఠం మా పుస్తకంలో లేదు. ఒక వర్షాకాలం మధ్యాహ్నం, క్లాసులో పదిమందిమి కూడా లేనప్పుడు, సంచీలోంచి విరిగిన ఫర్షీ ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. ఫర్షీ అంటే ఇక్కడి సున్నపురాతి పలక, మనవైపు నాపరాయి లాంటిది. శిలాజాలంటే ఏమిటని అడిగారు. ఎముకలు, ఆకులు, గవ్వలు అన్నాం. ఆకాశం నుంచి పడిన రాయి కూడా శిలాజం అవుతుంది, తెలుసా అన్నారు. మాకెవరికీ తెలీదు.

ఉల్క నేల మీద పడితే వానకీ గాలికీ తుప్పు పట్టి, కొన్ని వేల ఏళ్ళలో మట్టయిపోతుంది. అదే సముద్రంలో పడి, అడుగున సున్నపు బురదలో దిగబడి, తుప్పు తినేసే లోపల పైన మరో పొర బురద కప్పేస్తే అప్పుడు మిగులుతుంది. మిగులుతుందంటే అదే ఒళ్ళుతో మిగలదు. లోపలి ఖనిజాలు ఒక్కొక్కటీ కరిగిపోయి, వాటి జాగాలో సున్నమూ బంకమన్నూ వచ్చి కూర్చుంటాయి. ఆకారం ఉల్కది, సరుకు సముద్రానిది. చుట్టూ ఉన్న బురద కూడా గట్టిపడి రాయవుతుంది. పడినరాతిలోని ఇనుము ఆక్సిజన్ లాగేసుకోవడం వల్ల ఎర్రటి బురద కాస్తా ఆ మేర పాలిపోయి, నల్లటి మచ్చ చుట్టూ బూడిదరంగు వలయం ఒకటి నిలిచిపోతుంది.

"అన్నీ మారతాయి. ఒక్కటి మారదు," అని బోర్డు మీద చుక్క పెట్టారు. క్రోమైట్ గింజలు. ఇసుక రేణువు కంటే చిన్నవి. ఉల్క కరిగినా, రాయి పగిలినా, పొడి చేసినా, ఆమ్లంలో వేసి సున్నమంతా కరిగించినా అడుగున ఆ నల్ల రేణువులు అలాగే ఉంటాయిట. వాటిని పరీక్షిస్తే ఇది భూమిదా, పైనుంచి వచ్చిందా చెప్పెయ్యవచ్చుట.

స్వీడన్‌లో గచ్చురాళ్ళు కోసే ఒక క్వారీలో పనివాళ్ళు మచ్చలున్న పలకల్ని పనికిరావని ఏళ్ళ తరబడి పారేశారు. ఎవరో వంగి చూశాక తెలిసింది అవేమిటో. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి దొరుకుతూనే ఉన్నాయి. నలభై ఏడు కోట్ల ఏళ్ళ క్రితం ఆకాశంలో ఎక్కడో ఒక పెద్ద రాయి ఇంకోదాన్ని గుద్దుకుని ముక్కలైతే, ఆ ముక్కలు లక్షల ఏళ్ళ పాటు భూమ్మీద రాలాయి. మాష్టారు బోర్డు తుడిచేసి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "అడుగున పాకే పురుగులకి పైన ఏం జరిగిందో తెలీదు. పడడం మొదలయ్యాకైనా తెలీదు."

బయట వాన కురుస్తోంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. వరండాలో నాతో తెలుగులో, "మన రాయ్‌పూర్ కింద ఉన్నదీ సముద్రమే. వంద కోట్ల ఏళ్ళ కిందటిది. ఇందులో ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. లేక కాదమ్మా, ఎవరూ చూడక" అన్నారు.

చూడడం ఆయన పెట్టుకున్నారు. రిటైరయ్యాక మరీ ఎక్కువైంది. ఉత్త చేతుల్తో ఎప్పుడూ ఉండేవారు కాదు, పాలిథిన్ సంచీలో చుట్టిన అయస్కాంతం ఒకటి వెంట ఉండేది. ఆకాశం నుంచి సన్నటి ధూళి కూడా రాలుతుందని, దాన్ని పట్టుకుందామని డాబా మీద ఆ అయస్కాంతాన్ని ఈడుస్తూ తిరిగేవారు. ఐదు నిమిషాల్లో దానికి నల్లటి బొచ్చు మొలిచేది. అది ఆకాశానిది కాదు. ఊరికి ఉత్తరాన ఇనుము కాల్చే కొలిమిల పొగలోది. రాయ్‌పూర్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, పొద్దున్న ఊడ్చిన డాబా మీద సాయంత్రానికి పాదాల గుర్తులు పడతాయి.

"పైనుంచి వొచ్చేది రోజుకి ఒక్క రేణువు. పక్కనుంచి వొచ్చేది గిన్నెడు," అని ఆ నల్లపొడి కాగితం మీద దులిపి చూపించారు. "ఈ గిన్నెడూ రోజూ మనం పీలుస్తున్నామేటి?" అన్నాను నేను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. కాగితం మడిచి, మడతలు గోటితో గట్టిగా నొక్కి, జేబులో పెట్టుకున్నారు.

నేను డిగ్రీ అయ్యాక చదువు ఆపేసి ఈ యార్డు ఆఫీసులో చేరాను. భూగర్భశాస్త్రం చదివి రాళ్ళ కొట్లో చేరడం నాకే ఎగతాళిగా ఉండేది. మాష్టారికి మాత్రం మహా సంతోషం. క్వారీ నుంచి కొత్త బండలు దిగినప్పుడల్లా ఫోను చేసి చెప్పాలని ఒప్పందం. వచ్చేవారు, కోసిన పలకలన్నీ ఒక్కొక్కటే చూసేవారు, ఏమీ లేదనేవారు, మా టీ తాగి మా టీని తిట్టి వెళ్ళిపోయేవారు. పదేళ్ళు పైగా అదే వరస.

నాలుగేళ్ళ క్రితం, శ్రావణం వానల్లో, ఒక పలక దగ్గర ఆగిపోయారు.

ఊదారంగు రాయి. మధ్యలో అరచెయ్యంత నల్లటి మచ్చ, అంచు నున్నగా కోలగా ఉంది. చుట్టూ వేలి మందాన పాలిపోయిన వలయం. మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నన్ను పిలవలేదు. నేనే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కాదు," అన్నారు. "ఏ ఇనపరాయో, బంకమట్టి ముద్దో అయుంటాది. అయినా సోమవారం వొస్తాను. ఫొటోలు తీసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. అంతదాకా దీని మీద ఈగ వాలకూడదు."

"నేను చూసుకుంటాను మాష్టారూ" అన్నాను.

ఎలా చూసుకున్నానో చెప్పాలి. ఈ స్మృతి రాస్తున్నదే అందుకు.

మా యార్డులో పలకలు ఎప్పుడూ ముఖాలు ఒకదానికొకటి ఆనేలా జతలుగా నిలబెడతారు. అమ్మకానికి వెళ్ళేవన్నీ అలాగే ఉంటాయి. ఏదైనా పలక ఒంటరిగా, షెడ్డు గోడకి ఆని, ముఖం బయటికి పెట్టి ఉంటే దానికి మరమ్మతు ఉందని లెక్క. గుంట ఉన్నా, మచ్చ ఉన్నా, పెచ్చు లేచినా తొలిచేసి, లప్పం పెట్టి, పాలిష్ పట్టాలి. ఆ పని బుధారూది. ధర్సీవా పక్క పల్లెటూరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, మా యార్డు మొత్తంలో అలాంటి చెయ్యి ఇంకోటి లేదు. ఈ పద్ధతి అతనికెంత తెలుసో నాకూ అంతే తెలుసు. పదిహేనేళ్ళుగా కొత్తవాళ్ళకి నేర్పింది నేనే.

ఆ శనివారం సాయంత్రం నేను ఆ పలకని జతలోంచి తీయించాను. వానకి తడవకుండా షెడ్డులో పెట్టించాను. ఫొటో తియ్యడానికి వీలుగా ఉంటుందని ముఖం బయటికి తిప్పించాను. దగ్గరుండి మరీ. ఆ క్షణాన నేను యార్డు మనిషిని కాదు, మాష్టారి క్లాసులో మొదటి బెంచీ పిల్లని. ఎంత బాగా పెట్టించానో అని మురిసిపోతూ ఇంటికెళ్ళాను.

బుధారూ హరేలీ పండక్కి సొంతూరు వెళ్ళి ఉన్నాడు. నాగళ్ళకీ పారలకీ పూజ చేసుకుని, సోమవారం అందరికంటే ముందు వచ్చాడు. నేను ఆ పొద్దున్న మాష్టారిని తీసుకురావడానికి గుఢియారీ వెళ్ళాను. ఇద్దరం ఆటోలో వచ్చాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఒడిలో కెమెరా. దారంతా ఒక్క మాట ఎత్తిపొడవలేదు, అదే నాకు భయం వేసింది.

బుధారూ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. చేతులకి తెల్లపొడి. "దీదీ, మీరు విడిగా పెట్టించిన పలక ఉందే, వచ్చీ రాగానే ముందు అదే చేశాను. చూడండి" అన్నాడు ఛత్తీస్‌గఢీలో, పండగ సంబరం ఇంకా మొహం మీంచి పోకుండా.

ఊదారంగు పలక గోడకి ఆనుకుని తళతళలాడుతోంది. మచ్చ లేదు. వలయం లేదు. మాష్టారు వంగి, బొటనవేలితో నెమ్మదిగా మధ్యలో రాశారు. అటు రాశారు, ఇటు రాశారు. అతుకు ఎక్కడుందో వేలికి కూడా తగల్లేదు.

"ఇక్కడేనేటి?" అన్నారు నాతో.

నేను తలూపాను. ఎక్కడో నాకూ తెలీదు.

బుధారూ ఏదో చెప్పబోయాడు. "సాబ్, అందులో నేను..." అని మొదలుపెట్టాడు. మాష్టారు చెయ్యి ఎత్తి, "బస్, బస్. బఢియా కామ్ హై" అన్నారు. నిజంగానే మెచ్చుకున్నారు. అతని మాట సగంలో ఆగిపోయింది. నేనూ అడగలేదు. నాకు ఆ నిమిషాన బుధారూ మొహం చూడాలనిపించలేదు. తప్పు నాదైనప్పుడు ఎదుటివాడి మీద వచ్చే కోపం చాలా నీచమైనది. అది ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

తిరుగు ఆటోలో, "నన్ను తిట్టండి మాష్టారూ" అన్నాను.

"దేనికి? నువ్వు మాత్రం కావాలని చేసేవా," అన్నారు. కెమెరా సంచీలో పెట్టేసుకుని, "ఒకటి పడితే ఒకటే పడదమ్మా. అదే క్వారీ, అదే పొర. ఇంకోటుంటాది. వెతుకుదాం" అన్నారు.

ఆ పలకని నేను జతల్లో కలిపేశాను. కళ్ళ ముందు ఉంచుకునే ధైర్యం లేదు. ఆ బండలోంచి కోసిన పలకలన్నీ తెలీబంధా చెరువు దగ్గర కడుతున్న ఒక పెళ్ళిహాలుకి లారీ ఎక్కాయి. వాటితోపాటు అదీ పోయింది.

అప్పటినుంచి మాష్టారు క్వారీలోకి దిగడం మొదలుపెట్టారు. మా యజమానిదే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ప్రతి గురువారమూ, ఆదివారమూ. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, అందరూ గట్టు మీదికి వచ్చేస్తారు, మందు పేలుతుంది, కాళ్ళ కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. తర్వాత గుంత నిండా తెల్లటి దుమ్ము నిలబడిపోతుంది. పనివాళ్ళు దుమ్ము దిగేదాకా బీడీలు కాల్చుకుంటారు. మాష్టారు ఆగేవారు కాదు. కొత్తగా విరిగిన ముఖం లారీలు తొక్కే లోపల చూడాలని, ముక్కుకి జేబురుమాలు కట్టుకుని దిగిపోయేవారు. పైనుంచి చూస్తే ఆయన దుమ్ములోకి నడిచి మోకాళ్ళ దాకా, నడుం దాకా, తల దాకా కనబడకుండా పోయేవారు. దగ్గు మాత్రం వినబడేది. ఆ దగ్గుని బట్టి ఆయన ఏ మూల ఉన్నారో చెప్పగలిగేదాన్ని.

మొదట పొడిదగ్గు. ఆరు నెలలకి మెట్లెక్కితే ఆయాసం. ఏడాదికి మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం. మాట తుంచేసే మనిషికి ఆయన మాటే తెగిపోవడం మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి, దుమ్ములోకి వెళ్ళకూడదన్నాడు. మాష్టారు ఆ ఎక్స్‌రేని కిటికీ వెలుగులో పెట్టి, కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశారు. "పొరలు బాగా తెలుస్తున్నాయి" అన్నారు. అమ్మగారు కోపంగా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

నేనూ వెనకే వెళ్ళాను. ఆవిడ పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"ఆయన ఎవరి మాటా వినరు. నువ్వు చెప్తే వింటారు," అన్నారు. "ఇంక ఆ గోతిలోకి దిగొద్దని నువ్వు చెప్పీ అమ్మా. నీకు దండం పెడతాను."

"చెప్తానండీ" అన్నాను.

చెప్పలేదు. ఒకసారి నోటిదాకా వచ్చింది, మింగేశాను. మాష్టారు వెతకడం ఆపేస్తే నా తప్పు శాశ్వతంగా తప్పయి కూర్చుంటుంది. ఇంకోటి దొరికితే అది ఉత్త పొరపాటుగా, నవ్వుకుంటూ చెప్పుకునే కథగా మారిపోతుంది. అందుకని ఆయన దిగుతుంటే నేను గట్టు మీద మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత కూడా రెండేళ్ళు నిలబడ్డాను. అమ్మగారూ, మీరు ఇది చదువుతారు. మీకు ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు.

ఏమీ దొరకలేదు. ఒకటి రెండు మచ్చలు కనబడ్డాయి గాని, అవి బంకమట్టి ముద్దలని ఆయనే తేల్చేశారు. చివరి ఏడాది మంచం, సిలిండరు, ముక్కుకి గొట్టం. గుఢియారీ వీధిలో కూరగాయల బళ్ళ అరుపులు, గూడ్సు రైళ్ళ చప్పుడు కిటికీలోంచి వస్తూ ఉండేవి. నేను సాయంత్రం వెళితే మొదటి ప్రశ్న, "కొత్త బండలు దిగాయేటి?" దిగాయి, చూశాను, ఏమీ లేదు అనేదాన్ని. ఒకరోజు ఆ ప్రశ్న అడగలేదు. కిటికీ చువ్వల మీద చేరిన నల్లపొడిని చూస్తున్నారు.

"పడేటప్పుడు చప్పుడుంటాదనుకుంటాం. ఉండదమ్మా," అన్నారు. మళ్ళీ ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. "ఆ పలక మచ్చలో ఒక్క గింజ... ఒక్క గింజ దొరికినా తెలిసిపోయేది. అది అవునో, కాదో. కాదని తెలిసినా బాగుండును."

అది ఆయన నాతో అన్న చివరి పూర్తి మాట. తెలీకుండా పోవడమే ఆయన్ని బాధపెట్టింది. చావు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

పదకొండో రోజు భోజనాలకి బుధారూ వచ్చాడు. ఉతికిన చొక్కా, తలకి నూనె. అమ్మగారికి దూరంనుంచే నమస్కారం పెట్టి, పంక్తిలో చివర కూర్చుని తిన్నాడు. చేతులు కడుక్కున్నాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దీదీ, ఒక మాట అడగనా? సాబ్ మూడేళ్ళు గోతిలో ఏం వెతికారు? మేమంతా బంగారం అనుకున్నాం."

అప్పుడు తెలిసింది నాకు, అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదని. మాష్టారు చెప్పలేదు. నేను చెప్పలేదు. చెప్తే అతను నొచ్చుకుంటాడని ఒక సాకు పెట్టుకున్నాను. "ఆ హరేలీ తర్వాత నువ్వు మచ్చ తీసేసిన పలక గుర్తుందా? ఆ నల్లముక్క లాంటిది ఇంకోటి వెతికారు. అది పైనుంచి పడిన రాయేమో అని. నువ్వు పారేసిన ముక్క ఉంటే పరీక్ష చేయించేవారు" అన్నాను.

బుధారూ నా మొహంలోకి చూశాడు.

"నేను పారెయ్యను దీదీ. ఎప్పుడూ పారెయ్యను. పలకలోంచి తొలిచింది నూరి లప్పంలోనే కలుపుతాను. లేకపోతే రంగు కలవదు కదా. ఆ నల్లది చాలా గట్టిగా ఉంది, రోట్లో అరగంట నూరాను. తెల్ల సిమెంటూ, ఊదారాతి పొడీ, అదీ. ఆ రోజు సాబ్‌కి అదే చెప్పబోయాను."

"అంతా కలిపావా?"

"చిటికెడు కూడా పోనివ్వలేదు."

ఎవరో విస్తళ్ళు ఎత్తుతున్నారు. క్రోమైట్ గింజ పొడి చేసినా మారదు. ఆమ్లంలో వేసినా కరగదు. ఆ గింజలంటూ ఉంటే ఆ సోమవారం మాష్టారి బొటనవేలి కిందే ఉన్నాయి. లప్పం కాస్త గీరి తీసుకెళితే సరిపోయేది. గోతిలోకి ఒక్కసారి కూడా దిగక్కర్లేదు. బుధారూని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఇద్దరు చదువుకున్నవాళ్ళం అక్కడే నిలబడి ఉన్నాం, ఒక్కళ్ళం అడగలేదు.

"ఆ పలక ఇప్పుడు చూస్తే పోల్చుకోగలవా?" అన్నాను.

"నేను నింపింది నాకే కనబడదు దీదీ," అన్నాడు. అందులో గొప్ప చెప్పుకోవడం లేదు. తల దించుకుని అన్నాడు. తర్వాత కొంచెం ఆలోచించి, "తడిపితే తెలుస్తుంది. రాయి తొందరగా ఆరుతుంది. లప్పం నీళ్ళు పట్టుకుంటుంది" అన్నాడు.

మర్నాడే తెలీబంధా వెళ్ళాం. ముహూర్తాలు లేని రోజు, పెళ్ళిహాలు ఖాళీగా ఉంది. నేల పాలిష్ చూసుకుని పోతామంటే మేనేజరు తాళం తీశాడు. కుర్చీలన్నీ ఒక మూల పేర్చి ఉన్నాయి. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఊదారంగు నేల. బుధారూ చెప్పులు బయట విడిచి, రెండు బాల్చీల నీళ్ళు తెచ్చి, గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి నడుస్తూ చెంబుతో పల్చగా చల్లుకుంటూ పోయాడు. హాలంతా తడిసి ముదురురంగుకి తిరిగింది. ఫ్యాన్లు వేసి, గోడవార ఇద్దరం గొంతుకూర్చున్నాం.

నేల ఆరడం మొదలైంది. ముందు కిటికీల వైపు, తర్వాత గుమ్మం వైపు, తర్వాత మధ్యలో. ఊదారంగు మెల్లగా తేరుకుంటూ వచ్చింది. అప్పుడు ఒకచోట అరచెయ్యంత తడి నిలిచిపోయింది. నేను లేవబోయాను. దాని పక్కన ఇంకోటి. ద్వారం దగ్గర రెండు. వేదిక మెట్ల కింద వరసగా నాలుగు. హాలు పొడుగునా, ఎక్కడ చూస్తే అక్కడ, గుండ్రటివీ కోలవీ నల్లటి తడిమచ్చలు తేలాయి.

"ఇవన్నీ నేను నింపినవే దీదీ," అన్నాడు బుధారూ.

ఏది మట్టిముద్దో, ఏది గుంటో, ఏది మాష్టారు చూసిన మచ్చో చెప్పడానికి ఎవరూ లేరు. లెక్కపెడదామని మొదలుపెట్టాను. ఇరవై దాటాక వదిలేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మచ్చలు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూ, ఒక్కొక్కటీ ఆరిపోతూ ఉన్నాయి.